వాట్సాప్ గ్రూపులో వైద్య పాఠం: చెబుతున్నామా, పోగేస్తున్నామా?

స్టెతస్కోపు | సోమవారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. నేను జనరల్ మెడిసిన్ విభాగంలో పాఠాలు చెబుతాను. ఏడాదిన్నర క్రితం మూడో సంవత్సరం విద్యార్థుల కోసం ఒక వాట్సాప్ గ్రూపు ప్రారంభించాను. రౌండ్స్ హడావుడిలో చెప్పడానికి వీలుపడని సంగతులను సాయంత్రం తీరిగ్గా అక్కడ పూర్తి చేయవచ్చని నా ఆలోచన. మొన్న ఆదివారం కూర్చుని ఆ గ్రూపును మొదటి సందేశం నుంచి చదివాను. నేను పంపిన పీడీఎఫ్‌లు, మార్గదర్శకాల లింకులు, వేరే గ్రూపుల నుంచి ఫార్వర్డ్ చేసిన బొమ్మలు వందల్లో ఉన్నాయి. వాటి కింద ‘థ్యాంక్యూ మేడమ్’లు, నమస్కారం పెట్టే చేతుల గుర్తులు అంతకంటే ఎక్కువగా ఉన్నాయి. విద్యార్థులు అడిగిన ప్రశ్నలను లెక్కపెట్టడానికి మాత్రం రెండు చేతుల వేళ్లు సరిపోయాయి; వాటిలోనూ సగం పరీక్ష తేదీ గురించే.

ఇక్కడ రాయడానికి నన్ను పురికొల్పింది మాత్రం వార్డులో జరిగిన ఒక చిన్న సంఘటన. రక్తంలో సోడియం తగ్గిన రోగి దగ్గర నిలబడి, ఈ సోడియాన్ని ఎంత వేగంగా పెంచాలని ఒక విద్యార్థిని అడిగాను. అతడు ఏ మాత్రం తడుముకోకుండా, ‘అది గ్రూపులో ఉంది మేడమ్’ అన్నాడు. ఉన్నమాట నిజమే, మార్చిలో నేనే పంపాను. అతడు ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాడు, నేను చూస్తూ నిలబడ్డాను.

సామాజిక మాధ్యమాలతో, మెసేజింగ్ యాప్‌లతో వైద్య విద్యార్థులకు నిజంగా పాఠం చెప్పినవారు, లేదా నేర్చుకున్నవారు, తమ అనుభవం చెప్పగలరా? గ్రూపును మూసేయాలా, మార్చాలా అన్నది నేను తేల్చుకోవాలి.

ప్రశ్నార్థకం | సోమవారం, రాత్రి 10:25

స్టెతస్కోపు గారూ, నేను వైద్య విద్యా విభాగంలో పనిచేస్తాను. మీ గ్రూపు తప్పేమీ చేయలేదు. దాన్ని మీరు అలమరగా వాడారు, అది అలమరగానే పనిచేసింది.

జ్ఞాపకం గురించి మనకు బాగా తెలిసిన సంగతులు రెండు ఉన్నాయి. నేర్చుకున్నది మొదట వేగంగానూ, తర్వాత నెమ్మదిగానూ మరుగున పడుతుందని ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకొని చూపించాడు. చదివినదాన్ని మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించడమే ఎక్కువ కాలం నిలుస్తుందన్నది రెండోది. రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక బృందం పాఠ్యాన్ని రెండుసార్లు చదివింది. రెండో బృందం ఒకసారి చదివి, తర్వాత చూడకుండా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారిదే పైచేయి. వారం తర్వాత చూస్తే వారికి గుర్తున్నది 42 శాతం, చూడకుండా రాసినవారికి గుర్తున్నది 56 శాతం. విద్యార్థి ‘చదివేశాను, వచ్చేసింది’ అని నమ్మడానికి, వారం తర్వాత వార్డులో నోరు మెదపలేకపోవడానికి మధ్య ఉన్న దూరం ఇదే.

మెసేజింగ్ యాప్ ఈ పనికి చక్కగా అమరుతుంది. ఫోను రోజుకు ఎన్నోసార్లు చేతిలోకి వస్తుంది కనుక, పది రోజుల ఎడంతో అదే ప్రశ్నను వేరే రూపంలో మళ్లీ అడగడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. షరతు ఒక్కటే: ప్రశ్న పంపాక జవాబును కొన్ని గంటలు బిగబట్టాలి. గురువులకు అదే కష్టం.

మరొక మాట. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటు వేశారో అందరికీ కనిపిస్తుంది, ఓట్లు పడుతున్న కొద్దీ లెక్క కూడా కనిపిస్తుంది. తరగతిలో మొదటి ర్యాంకు విద్యార్థి ‘బి’ నొక్కితే మిగిలినవారి వేళ్లు కూడా ‘బి’ మీదికే పోతాయి. టెలిగ్రామ్‌లో 2020 నుంచి క్విజ్ పోల్ ఉంది. ఓటరు పేరు తెలియకుండా అడగవచ్చు, ఓటు వేశాకే ఫలితం కనిపిస్తుంది. తప్పు నొక్కితే వివరణ కూడా చూపించవచ్చు.

మూడో ఏటి బెంచీ | సోమవారం, రాత్రి 11:50

నేను విద్యార్థిని. మేడమ్ గారి గ్రూపులోని వాడిని కాదు గాని, అలాంటి గ్రూపులు నా ఫోనులో ఆరు ఉన్నాయి కనుక ఆ నిశ్శబ్దం ఎందుకో చెప్పగలను.

తరగతి గదిలో తప్పు జవాబు చెబితే పది సెకన్లు సిగ్గుపడి మరచిపోతాము. గ్రూపులో చెబితే అది పేరుతో, సమయంతో సహా అక్కడే ఉండిపోతుంది. రేపు వైవాలో కూర్చోబోయే ఎగ్జామినర్ కూడా ఆ గ్రూపులో ఉన్నప్పుడు, ‘ప్రీలోడ్ (సంకోచించే ముందు గుండె కండరం సాగిన మేర) అంటే అసలు ఏమిటి సార్’ అని మూడో ఏడులో అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? అందుకే గురువులు లేని గ్రూపు మరొకటి ఉంటుంది. అసలు ప్రశ్నలన్నీ అక్కడే, అర్ధరాత్రి ఒంటి గంటకు వస్తాయి. రెండు నిమిషాల్లో జవాబు కూడా వస్తుంది. ఆ జవాబు తప్పయినా, అనుమానానికి తావులేనంత గట్టిగా చెబుతారు.

ఒక ఉదాహరణ చెబుతాను. సీపీఆర్‌లో (గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్స) ఛాతీ నొక్కుళ్లకు, శ్వాసలకు నిష్పత్తి 15:2 అని చూపే రంగుల బొమ్మ ఒకటి మా గ్రూపులో పరీక్షల ముందు తిరిగింది. పుస్తకంలో 30:2 అని ఉంది. బొమ్మ అందంగా ఉంది కనుక, ఎక్కువమంది పుస్తకమే పాతదనుకున్నారు.

రాత్రి డ్యూటీ | మంగళవారం, ఉదయం 6:05

హౌస్ సర్జన్‌ను. డ్యూటీ దిగుతూ రాస్తున్నాను. ఆ బొమ్మను నేనూ చూశాను, కనుక దాని సంగతి చెబుతాను. పెద్దవారికి 15:2 అన్నది 2005కు ముందు మార్గదర్శకాల మాట. ఛాతీ నొక్కుళ్ల మధ్య విరామం తగ్గించడానికి 2005లో దాన్ని 30:2 చేశారు. అయితే శిక్షణ పొందిన ఇద్దరు కలిసి పిల్లలకు సీపీఆర్ చేసేటప్పుడు ఈనాటికీ 15:2 సరైనదే. మీ బొమ్మ పాతది కాకపోవచ్చు. పిల్లల పట్టిక నుంచి తీసిన స్క్రీన్‌షాట్ అయి ఉండవచ్చు. నాకు వచ్చిన దానిలో పై అంచు కత్తిరించి ఉంది. ‘పిల్లలకు’ అన్న శీర్షిక ఆ కత్తిరింపులో పోయింది.

సమాచారం తప్పు కానక్కరలేదు, దాని తల తెగితే చాలు. నిమిషానికి ‘కనీసం 100’ నొక్కుళ్లు అన్నది 2010 మాట. ‘100 నుంచి 120’ అన్నది 2015 మాట. లోతు ‘కనీసం 5 సెంటీమీటర్లు’ అన్న 2010 వాక్యానికి, ‘6 దాటవద్దు’ అన్న పై హద్దు 2015లో చేరింది. సంవత్సరం రాయని బొమ్మలో ఈ రెండు తరాల వాక్యాలూ పక్కపక్కనే ఉండగలవు, వాటిని విడదీయడానికి చూసేవారికి ఏ ఆధారమూ ఉండదు.

పంపాక సరిదిద్దుకోవచ్చని అనుకోవద్దు. వాట్సాప్‌లో సందేశాన్ని మార్చడానికి 15 నిమిషాలు, అందరి దగ్గరా తొలగించడానికి రెండు రోజుల పైచిలుకు గడువు ఉంటుంది. అప్పటికే గ్యాలరీలో చేరిన బొమ్మకు ఆ గడువులేవీ వర్తించవు. ఒకసారి ఫార్వర్డ్ చేస్తే ఐదు చాట్‌లకు మించి పంపలేని పరిమితిని 2019లో ప్రపంచమంతటా పెట్టింది వదంతుల కోసం. మన తరగతి తప్పులకు ఐదు చాట్‌లు చాలా ఎక్కువ.

నల్లబల్ల | మంగళవారం, ఉదయం 8:40

ముప్పై ఏళ్లుగా ఫిజియాలజీ చెబుతున్నవాడిని. నా మాట పాతకాలపుదిగా కనిపిస్తే మన్నించండి.

ఉబ్బిన ప్లీహం అంచు చేతి వేళ్లకు ఎప్పుడు తగులుతుందో ఫోను చెప్పలేదు. రోగి ఊపిరి పీల్చినప్పుడు ఆ అంచు దిగివచ్చి వేలిని తాకుతుంది. ఆ క్షణం కోసం వేలు కదలకుండా ఉంచడం మంచం పక్కనే నేర్చుకోవాలి. విలియం ఓస్లర్ 1890లలో జాన్స్ హాప్‌కిన్స్‌లో విద్యార్థులను ఉపన్యాస మందిరం నుంచి వార్డుల్లోకి నడిపించాడు. ఇప్పుడు మనం వారిని అక్కడి నుంచి తెర ముందుకు తిప్పి పంపుతున్నామేమోనని నా అనుమానం.

విద్యార్థి సంగతి అటుంచి, గ్రూపు గురువునే మొదట చెడగొడుతుందని నేను అనుకుంటాను. ఒక ఫైలు ఫార్వర్డ్ చేయగానే పాఠం చెప్పినంత తృప్తి కలుగుతుంది. ఆ తృప్తి అబద్ధం. దానికి తోడు, మా పాత కళాశాలలో రాత్రి పదకొండు గంటలకు గ్రూపులో ఒక నోటీసు పెట్టి, ఉదయం ఎనిమిదికి ‘చూడలేదా?’ అని విద్యార్థులను నిలదీసేవారు. పాఠం కోసం పుట్టిన గ్రూపు ఆరు నెలల్లో హాజరు పట్టీ అయిపోయింది. అలాంటి గ్రూపును ఎవరైనా మ్యూట్‌లో పెడతారు, నేనూ పెట్టాను.

నీడల లిపి | మంగళవారం, మధ్యాహ్నం 1:15

రేడియాలజీ నుంచి నా వంతు ఫిర్యాదు వినండి. గ్రూపులో ఎక్స్‌రే పెట్టి ‘డయాగ్నసిస్ చెప్పండి’ అనడం ఇప్పుడు ప్రతిచోటా కనిపించే అలవాటు. కాని విద్యార్థి తెర మీద చూస్తున్నది మీరు చూసిన ఎక్స్‌రే కాదు.

సీటీ చిత్రం మా యంత్రంలో సాధారణంగా 12 బిట్‌లతో, అంటే 4,096 బూడిద రంగు మెట్లతో ఉంటుంది. జేపెగ్‌గా మారేసరికి 256 మెట్లు మిగులుతాయి. మేము ఊపిరితిత్తులను చూడటానికి విండో (తెర మీద చూపే బూడిద మెట్ల పరిధి) వెడల్పు 1500, మధ్యబిందువు −600 దగ్గర పెట్టుకుంటాము. మెదడును చూడటానికి 80, 40 దగ్గర పెట్టుకుంటాము. ఇలా విండో మార్చుకుంటూ వెతకడమే సీటీ చదవడం. గ్రూపుకు చేరిన చిత్రంలో ఆ విండో అప్పటికే గడ్డకట్టి ఉంటుంది. వెతికే పని గురువు చేసేశాడు, విద్యార్థికి పేరు ఊహించే పనే మిగిలింది. ఇక కంప్యూటర్ తెరను ఫోనుతో ఫొటో తీస్తే అలల్లాంటి చారలు వస్తాయి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని చెప్పే సన్నని న్యూమోథోరాక్స్ గీత ఆ చారల్లో కలిసిపోయినప్పుడు, విద్యార్థికి కనిపించలేదంటే ఆ తప్పు అతనిది కాదు.

ఈసీజీ విషయం మరీ చిత్రమైనది. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది కనుక చిన్న గడి 0.04 సెకను, నిలువున 10 మిల్లీమీటర్లు ఒక మిల్లీవోల్టు. కాగితాన్ని పక్క నుంచి వాలుగా ఫొటో తీస్తే ఒక అంచున గడులు కుదించుకుపోతాయి, మరో అంచున సాగుతాయి. విద్యార్థి స్కేలు పెట్టి కొలిస్తే, గుండెపోటును పట్టిచ్చే ఎస్‌టీ ఎత్తు ఒక మిల్లీమీటరు అటో ఇటో వస్తుంది, ఆ ఒక్క మిల్లీమీటరు మీదే నిర్ణయం ఆధారపడి ఉంటుంది. పైనుంచి నేరుగా, నీడ పడకుండా, గడులు లెక్కపెట్టగలిగేలా తీయండి. 10 మిల్లీమీటర్ల కాలిబ్రేషన్ గుర్తు తప్పకుండా చిత్రంలో ఉండాలి.

కనుక ఫోను తెర మీద కూడా చెడకుండా నిలిచే చిత్రాలనే ఎంచుకోండి. పెద్ద ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు) పరవాలేదు, చిన్న నాడ్యూల్ (గడ్డ) వద్దు. లేకపోతే చిత్రాన్ని ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. అప్పుడు యాప్ దాన్ని కుదించదు.

తాళంచెవి | మంగళవారం, మధ్యాహ్నం 2:30

నీడల లిపి గారి చివరి వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. నేను ఆసుపత్రి రికార్డుల వ్యవస్థలో పనిచేస్తాను. ఫొటోగా పంపినప్పుడు యాప్ నాణ్యతతో పాటు, చిత్రంలో దాగి ఉండే తేదీ, ప్రదేశం వంటి వివరాలను కూడా తీసేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది కనుక, ఫోను కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ ఫొటో ఏ భవనంలో తీశారో కూడా దానితో పాటు వెళ్తుంది. నాణ్యత కావాలంటే ముందు ఆ వివరాలు తుడిచి పంపాలి.

వాట్సాప్‌లో 2016 ఏప్రిల్ నుంచి అందరికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, ఇక భయమేమిటని చాలామంది అడుగుతారు. ఆ ఎన్‌క్రిప్షన్ దారిలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది. దారి చివర నూట యాభై ఫోన్లు ఉన్నాయి. వాటిలో ఫొటోలు తమంతట తాము గ్యాలరీలో చేరతాయి, అక్కడి నుంచి క్లౌడ్ బ్యాకప్‌లోకి పోతాయి. ఆ ఫోను ఇంట్లో చెల్లెలి చేతిలోనూ ఉంటుంది. టెలిగ్రామ్ మామూలు గ్రూపులకైతే ఆ ఎన్‌క్రిప్షన్ కూడా లేదు. రహస్య చాట్‌లకే ఉంది. ‘ఒక్కసారే చూడండి’ అని పంపినా పక్కన ఉన్న రెండో ఫోనుతో ఫొటో తీయడాన్ని ఆపేది ఏదీ లేదు.

పేరు చెరిపేస్తే సరిపోతుందనుకోవడం రెండో పొరపాటు. అమెరికాలోని రోగుల సమాచార గోప్యతా చట్టం హిపా నిబంధనల్లో గుర్తింపునిచ్చే అంశాలు 18 ఉన్నాయి. పూర్తి ముఖచిత్రంతో పాటు ఆసుపత్రిలో చేరిన తేదీ, రికార్డు నంబరు, 89 దాటిన వయసు కూడా అందులోనివే. మీరు ఏ దేశంలో ఉన్నా, పంపే ముందు సరిచూసుకోవడానికి ఆ జాబితా పనికివస్తుంది. ఇక అనుమతి విషయం. వైద్యానికి ఇచ్చిన అనుమతి బోధనకు వర్తించదు. వార్డులో పదిమంది విద్యార్థులకు చూపించడానికి ఇచ్చిన అనుమతి గ్రూపులో పెట్టడానికి వర్తించదు. పైగా, రోగి రేపు తన అనుమతిని ఉపసంహరించుకుంటే మనం ఫొటోను వెనక్కి తేలేము. ఆ సంగతిని సంతకం తీసుకొనే ముందే చెప్పాలి.

రాత్రి డ్యూటీ | మంగళవారం, రాత్రి 10:00

తాళంచెవి గారు చెప్పింది నాకు జరిగింది కనుక ఒప్పుకొని చెబుతాను. నాలుగో ఏడులో ఉండగా ఒక ఎక్స్‌రే ఫొటో తీశాను. పేరు, నంబరు కనిపించకుండా నల్ల గీత పూశాను. నా జాగ్రత్తకు నేనే మురిసిపోయాను. కింద మాత్రం, ‘ఈరోజు పొద్దున వచ్చిన కేసు, పంతొమ్మిదేళ్ల అబ్బాయి, పెళ్లి ఊరేగింపులో బండి మీద నుంచి పడ్డాడు’ అని రాశాను. మిత్రుడొకరు దాన్ని తన గ్రూపుకు పంపాడు. మూడు గంటల్లో ఆ అబ్బాయి బంధువు ఒకరు మా విభాగానికి ఫోను చేశారు. చిత్రం ఎవరినీ పట్టివ్వలేదు, నేను రాసిన వాక్యం పట్టిచ్చింది.

ఆ రోజు తర్వాత నేను కేసును పంచుకోవలసి వస్తే కొన్ని వారాలు ఆగుతాను, రోగనిర్ణయానికి అవసరం లేని వివరాన్ని తీసేస్తాను. ‘ఈరోజు’ అన్న మాటను మాత్రం ఎప్పుడూ రాయను.

ప్రశ్నార్థకం | బుధవారం, ఉదయం 7:30

దీన్ని ఒక్కరి పొరపాటుగా చూడనవసరం లేదు. 2009లో జామా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో అమెరికాలోని 78 వైద్య కళాశాలలు జవాబిచ్చాయి. వాటిలో 47 తమ విద్యార్థులు వృత్తికి తగని విషయాలను ఆన్‌లైన్‌లో పెట్టిన ఉదంతాలు ఉన్నాయని చెప్పాయి. రోగి గోప్యతకు భంగం కలిగిందని చెప్పినవి ఆరు. అప్పటికి వాట్సాప్ అప్పుడే పుట్టింది. వరల్డ్ మెడికల్ అసోసియేషన్ 2011లో సామాజిక మాధ్యమాల వాడకంపై ప్రత్యేకంగా ఒక ప్రకటన చేయవలసి వచ్చింది. విద్యార్థికి ఈ జాగ్రత్తలను మొదటి సంవత్సరంలో, మొదటి గ్రూపులో చేర్చే రోజునే చెప్పాలి. మనం నాలుగో ఏడులో నీతిశాస్త్రం తరగతిలో చెబుతున్నాము.

గుండెచప్పుడు | బుధవారం, ఉదయం 9:00

శబ్దాల గురించి ఎవరూ చెప్పలేదు కనుక రెండు ముక్కలు. స్టెతస్కోపుకు ఫోను ఆనించి మర్మర్ (గుండెలో వినిపించే అదనపు శబ్దం) రికార్డు చేసి వాయిస్ మెసేజ్‌గా పంపడం నేను చాలాసార్లు చూశాను. మూడో, నాలుగో గుండె శబ్దాల శక్తి చాలావరకు 100 హెర్ట్జ్‌కు దిగువన ఉంటుంది. ఫోనులోని చిన్న స్పీకరు ఆ స్వరాలను పలకలేదు. పైగా ఫోను మనిషి గొంతును వినిపించడానికి తయారైంది కనుక, వెనుక వినిపించే ‘రొద’ను అణిచివేయాలని చూస్తుంది. మైట్రల్ స్టెనోసిస్ (గుండె కవాటం ఇరుకవడం) గరగర దాని దృష్టిలో రొదే. విద్యార్థులు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, మంచి రికార్డింగులున్న చోట వినాలి; గ్రూపులో లింకు చాలు.

మూడో ఏటి బెంచీ | బుధవారం, రాత్రి 9:20

అందరూ గ్రూపుల గురించే మాట్లాడుతున్నారు. మేము ఎక్కువ నేర్చుకొనేది యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, ఎక్స్‌లో. నాకు ఈసీజీ చదవడం వచ్చింది ‘లైఫ్ ఇన్ ది ఫాస్ట్ లేన్’ వెబ్‌సైటు వల్లే. నా స్నేహితులైతే రీల్స్ చూసే ఫార్మకాలజీ గుర్తుపెట్టుకుంటారు. అది బోధన కాదా?

ప్రశ్నార్థకం | బుధవారం, రాత్రి 10:10

తప్పకుండా బోధనే. ఎమర్జెన్సీ వైద్యులు 2012లో డబ్లిన్ సమావేశం నాడు ‘ఫోమ్’ అన్న పేరు పెట్టుకొని, వైద్య విద్యను ఉచితంగా, అందరికీ అందేలా పంచడం ఒక ఉద్యమంగా నడిపారు. మీరు చెప్పిన సైటు 2008 నుంచి ఉంది. వైద్యులు కేసు చిత్రాలను పంచుకోవడానికే టొరంటోలో 2013లో ‘ఫిగర్ 1’ అనే యాప్ కూడా వచ్చింది. ట్విటర్‌లో ఒక్కొక్క ట్వీటుగా మెట్లు కట్టి ఒక రోగలక్షణాన్ని వివరించే ‘ట్వీటోరియల్’ను చూసి, నేను నా ఉపన్యాసాల కూర్పునే మార్చుకున్నాను. అక్షరాల హద్దు 2017 వరకు 140, తర్వాత 280. అంత చోటులో ఊకదంపుడుకు వీలుండదు.

రీల్స్ దగ్గర నాకు సందేహం ఉంది. పాఠానికి సంబంధం లేని ఆసక్తికరమైన సంగతులను చేర్చితే నేర్చుకోవడం తగ్గుతుందని మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ బృందం ప్రయోగాలు చూపాయి. ముప్పై సెకన్లలో పాట, నాట్యం, మందు మోతాదు మూడూ ఉంటే, మరునాటికి పాట మిగులుతుంది. బీటా బ్లాకర్ల పేర్లు పాటగా గుర్తుంటే మంచిదే. ఉబ్బసం రోగికి ఎందుకు ఇవ్వకూడదో ఆ పాటలో లేదని తెలిసినంత కాలం పరవాలేదు.

నల్లబల్ల | గురువారం, ఉదయం 8:15

రాత్రి డ్యూటీ గారు తన తప్పును ఇక్కడ చెప్పుకోవడం చూశాక నేను నా పోస్టును మళ్లీ చదువుకున్నాను. ఫోను మీద నా అభిప్రాయం మారలేదు గాని, ఒక ఉపయోగం తోచింది. జవాబు ఫోనులో దొరకని ప్రశ్నను ఫోనులో పంపవచ్చు కదా.

ఉదాహరణకు ఇలా అడగండి: ‘మీ రెండు చూపుడు వేళ్ల చివరి కణుపులను గోళ్ల వైపు నుంచి ఎదురెదురుగా ఆనించండి. గోళ్ల మొదళ్ల మధ్య వజ్రాకారపు చిన్న సందు కనిపిస్తోందా? రేపు రౌండ్స్‌లోపు వార్డులో ముగ్గురి గోళ్లను వారి అనుమతితో చూడండి. ఎవరిలో ఆ సందు మూసుకుపోయింది? ఎందుకు?’ క్లబ్బింగ్‌ను (వేళ్ల చివరలు ఉబ్బడాన్ని) పట్టుకొనే ఈ పద్ధతిని హృద్రోగ నిపుణుడు లియో షామ్‌రోత్ 1976లో తన వేళ్లనే చూసుకొని వర్ణించాడు. అప్పుడు ఆయనకు ఎండోకార్డైటిస్ (గుండె లోపొర ఇన్ఫెక్షన్). ఇందులో రోగి ఫొటో అక్కరలేదు, బిట్‌ల లెక్కా అక్కరలేదు. విద్యార్థి ఫోను జేబులో పెట్టి మంచం దగ్గరకు నడవాలి.

స్టెతస్కోపు | ఐదు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:30

జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చేసిన మార్పులు చెబుతాను. ఫైళ్లన్నిటినీ కళాశాల ఆన్‌లైన్ పాఠాల వేదిక మూడిల్‌కు తరలించి, ప్రతి దానికీ సంవత్సరం, మూలం రాశాను. ఆ రెండూ రాయలేకపోయిన బొమ్మలను తీసేశాను, అవి చాలానే తేలాయి. నోటీసులకు వేరే గ్రూపు పెట్టి క్లర్కు గారికి అప్పగించాను. టెలిగ్రామ్ ఛానెల్‌లో వారానికి నాలుగు రోజులు ఉదయం ఏడింటికి ఒక ప్రశ్న, రాత్రి ఎనిమిదింటికి వివరణ వస్తాయి. ఆ వేళలు దాటి నేను ఏమీ పంపను. రోగి చిత్రాలు ఏవీ లేవు. శుక్రవారం మాత్రం నల్లబల్ల గారి తరహా ప్రశ్న ఉంటుంది.

మొదటి ప్రశ్న సోడియం మీదే పెట్టాను. థయాజైడ్ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు) వాడుతున్న వృద్ధురాలికి చాలా రోజులుగా మందకొడితనం, సోడియం 112, మూర్ఛలు లేవు. మొదటి 24 గంటల్లో ఎంత పెంచుతారు? నాలుగు జవాబుల్లో ‘రేపటికి సాధారణ స్థాయికి’ అన్నదానికి అన్నిటికంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. నేను కాసేపు ఆ గీతనే చూస్తూ ఉండిపోయాను. నా పీడీఎఫ్‌లో 8 నుంచి 10 మిల్లీమోల్స్ దాటకూడదని స్పష్టంగా ఉంది. కాని తగ్గిన దాన్ని వెంటనే సరిచేయడమే మంచి వైద్యమన్న నమ్మకం విద్యార్థుల్లో అంత బలంగా ఉందని ఏడాదిన్నరలో నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. వందనాల గుర్తులు ఆ సంగతి చెప్పవు కదా. ఆ రాత్రి వివరణలో అంకెను రెండో వాక్యానికి నెట్టి, మెదడు కణాలు కొన్ని రోజుల్లో తమ లోపల కరిగి ఉన్న పదార్థాలను బయటికి పంపి కొత్త స్థితికి ఎలా సర్దుకుంటాయో, వేగంగా పెంచితే నీరు వాటి నుంచి ఎలా లాక్కుపోతుందో, ముందు మెరుగుపడినట్టు కనిపించిన రోగికి కొన్ని రోజుల తర్వాత మాట, మింగుడు ఎందుకు పడిపోతాయో రాశాను. పది రోజుల తర్వాత మద్యపానం, పొటాషియం లోపం ఉన్న రోగితో అదే ప్రశ్న మళ్లీ అడిగాను. ఈసారి ఓట్లు 8 దగ్గర గుమిగూడాయి.

తేలనివీ ఉన్నాయి. ఓటు వేయని వారు ఎవరో నాకు తెలియదు. పేరు తెలియకపోవడానికి నేను చెల్లిస్తున్న మూల్యం అది. ఫోను పాడైన ఒక విద్యార్థిని మూడు వారాలు ఛానెల్ చూడలేదని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ప్రశ్నను వార్డు బోర్డు మీద కూడా రాస్తున్నాము.

మూడో ఏటి బెంచీ గారూ, ఒక అభ్యర్థన. గురువులు లేని మీ గ్రూపులాంటిది మా విద్యార్థులకూ ఉంటుంది. అందులోకి నేను రాను, రాకూడదు. కాని అక్కడ తేలని ప్రశ్నలను పేరు లేకుండా నాకు చేర్చే దారి ఏదైనా మీ బ్యాచ్‌లో ఉందా?

మూడో ఏటి బెంచీ | శనివారం, రాత్రి 11:40

ఉంది మేడమ్. మేము ఒక అజ్ఞాత ఫారం పెట్టాము. వారానికి ఒకసారి మా క్లాస్ రిప్రజెంటేటివ్ దాన్ని తెరచి, ప్రశ్నలను ఒక కాగితం మీదికి ఎక్కించి విభాగంలో ఇస్తాడు. ఎవరు అడిగారో అతనికీ తెలియదు. ‘ప్రీలోడ్ అంటే ఏమిటి’ అన్నది మొదటి వారంలోనే మూడుసార్లు వచ్చింది. అందులో ఒకటి నాది.

15:2 బొమ్మ నిన్న మళ్లీ వచ్చింది. దాని కింద ఎవరో ‘ఎవరికి? ఏ సంవత్సరం?’ అని అడిగారు. పంపినవాడు ఇంకా వెతుకుతున్నాడు.